లినక్స్ మొరాయించినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా జాతీయ రహదారి వెంబడి ఉన్న చిన్న ఆఫీసుల్లో విండోస్‌కు బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్లు చూసుకోవడం నా పని. రైస్ మిల్లు లెక్కల గది, రొయ్యల మేత దుకాణం, చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ యార్డు, ఒకటి రెండు కోచింగ్ సెంటర్ల ల్యాబులు. వీటిలో ఎక్కడా దీనికోసమే జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఉండడు. బిల్లులు కొట్టే అబ్బాయో, లెక్కలు రాసే అమ్మాయో ఈ బరువు కూడా మోస్తుంటారు. వాళ్లు ఫోన్లో నన్ను పదే పదే అడిగినవే ఈ ప్రశ్నలు.

ఒక మాట. ఆదేశాలను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాశాను. కంప్యూటర్లో టెర్మినల్ అనే కిటికీ తెరిచి, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. నేను ప్రత్యేకంగా పెద్ద అక్షరం అని చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. చాలా వాటికి ముందు ‘సుడో’ తగిలించాలి, అంటే రూట్ అనే పెత్తందారు ఖాతా అధికారంతో నడపమని.

ఏదైనా చెడితే ముందు రీబూట్ చేయమంటారు కదా, అందులో తప్పేముంది?

దొంగలు పడిన ఇంటిని పోలీసులు రాకముందే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టినట్టు ఉంటుంది. ఇల్లు శుభ్రంగానే కనిపిస్తుంది, దొంగ మాత్రం దొరకడు. రీబూట్‌తో సగం ఇబ్బందులు అప్పటికి సర్దుకుంటాయి, వారం తిరిగేసరికి మళ్లీ వస్తాయి.

రీబూట్ నొక్కే ముందు మూడు చూడండి. ‘సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్’ అంటే ఏ సర్వీసు (వెనకాల నడిచే ప్రోగ్రాము) పడిపోయిందో చెబుతుంది. ‘డీమెసేజ్’ కాదు, ‘డీఎంఈఎస్‌జీ -టీ’ (టీ పెద్ద అక్షరం) కొడితే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) పెట్టుకున్న మొర అంతా తేదీ, సమయంతో కనిపిస్తుంది. ‘డీఎఫ్ -హెచ్’ డిస్కు నిండిందో లేదో చెబుతుంది. ఈ మూడింటికీ రెండు నిమిషాలు పట్టదు.

ఇప్పటికే రీబూట్ చేసేశారా? ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1’ అంటే అంతకుముందు నడిచిన విడత లాగ్ (జరిగినవన్నీ రాసుకునే చిట్టా) వస్తుంది. అయితే ‘/వార్/లాగ్/జర్నల్’ అనే ఫోల్డరు ఉంటేనే లాగ్ డిస్కు మీద నిలుస్తుంది. మామూలు అమరికలో ఆ ఫోల్డరు లేకపోతే లాగ్ మెమరీలోనే ఉండి, కరెంటుతో పాటే పోతుంది. మీ కంప్యూటర్లో అది ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువ మంది చెప్పేది ఒకటే: “ఏదో ఎర్రగా వచ్చింది సార్, తీసేశాను.” ఆ ఎర్రగా వచ్చిన దాన్నే ఫోటో తీసి పంపండి. సగం వైద్యం అందులోనే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ లాగిన్ దాకా రావడం లేదు. నల్ల తెర మీద ‘ఎమర్జెన్సీ మోడ్’ అంటోంది. డిస్కు పోయినట్టేనా?

చాలాసార్లు డిస్కు బాగానే ఉంటుంది. ‘/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ అనే ఫైలులో ఏయే డిస్కులను ఎక్కడ తగిలించాలో రాసి ఉంటుంది. అందులో రాసిన డిస్కు ఒక్కటి కనిపించకపోయినా సిస్టమ్‌డీ (కంప్యూటర్ లేచేటప్పుడు అన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాము) దానికోసం మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, రాకపోతే ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం దోషి బ్యాకప్ కోసం పెట్టిన యూఎస్‌బీ డిస్కే. కరెంటు వచ్చాక అది లేవడానికి ఆలస్యమవుతుంది, లేదా ఊడ్చేటప్పుడు ఎవరో తీగ కదిలించి ఉంటారు.

రూట్ పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చి లోపలికి వెళ్లి, ‘జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ’ చదవండి. ఏ డిస్కు కోసం ఆగిందో అక్కడ ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ వరుస ముందు ‘#’ పెట్టి రీబూట్ చేస్తే కంప్యూటర్ లేస్తుంది. ఉబుంటులో రూట్ ఖాతాకు తాళం వేసి ఉంటుంది కాబట్టి లోపలికి రానివ్వకపోవచ్చు. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో (లినక్స్‌ను నేరుగా నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి అదే ఫైలు దిద్దాలి. అందుకే ప్రతి ఆఫీసు సొరుగులో ఒక లైవ్ యూఎస్‌బీ ఉండాలంటాను. అగ్గిపెట్టె ఉన్నట్టే.

శాశ్వతంగా సరిచేయాలంటే, లేకపోయినా ఇబ్బంది లేని డిస్కుల వరుసలో ‘నోఫెయిల్’ అని చేర్చండి. ఇందులో ఒక గోతి ఉంది, దాని సంగతి డిస్కు నిండే ప్రశ్న దగ్గర చెబుతాను.

తెర మీద ‘ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్’ అని వచ్చి ఆగితే సంగతి వేరు. చాలాసార్లు అసలు ఫైల్ సిస్టమ్‌లోనే (డిస్కు మీద ఫైళ్లను అమర్చిన పద్ధతిలోనే) తప్పు దొర్లి ఉంటుంది. ‘ఎఫ్‌ఎస్‌సీకే’ నడపాలి. ఏ డిస్కు మీద నడపాలో పైనున్న వరుసల్లోనే రాసి ఉంటుంది. మౌంట్ అయి (అంటే తగిలి) రాతకు తెరిచి ఉన్న డిస్కు మీద మాత్రం దాన్ని ఎప్పుడూ నడపకండి. బండి పోతుండగా చక్రం విప్పినట్టే.

కంప్యూటర్ నడుస్తూనే ఉంది కానీ, ఏది సేవ్ చేసినా ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటోంది. ఎందుకు?

డిస్కులో తేడా కనిపించగానే నష్టం పెరగకుండా కెర్నెల్ దానికి తాళం వేసింది. మళ్లీ రాయడానికి తెరిచే ఆదేశం ఉంది కానీ, వెంటనే దాని జోలికి పోకండి. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ తర్వాత ‘స్మార్ట్‌సీటీఎల్ -ఏ’ తర్వాత డిస్కు పేరు కొట్టి చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్లు, పెండింగ్ సెక్టర్లు అనే రెండు వరుసల్లో అంకెలు రోజురోజుకూ పెరుగుతుంటే డిస్కు వీడ్కోలు చెబుతోందని అర్థం. అప్పుడు మరమ్మతు కాదు, కొత్త డిస్కు కొనాలి. అంకెలు సున్నాగానే ఉంటే డిస్కును అనుమానించే ముందు సాటా కేబుల్ (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే తీగ) మార్చి చూడండి. సముద్రం దగ్గరి ఊళ్లలో ఆ కొనలు ఎలా ఉంటాయో కింద చెబుతాను.

డిస్కు నిండిందంటోంది. ఫైళ్లు తీసేసినా ఖాళీ కనిపించడం లేదు. ఏమిటీ మాయ?

మాయ కాదు, లినక్స్ పద్ధతే అది. ఒక ప్రోగ్రాము ఫైలును తెరిచి పట్టుకుని ఉండగా మీరు దాన్ని తీసేస్తే పేరు మాత్రమే పోతుంది. చోటు మాత్రం ఆ ప్రోగ్రాము వదిలేదాకా ఖాళీ కాదు.

కోవూరు దగ్గర ఒక మిల్లులో ఇలాగే జరిగింది. కెమెరాల రికార్డింగులన్నీ ఒక లినక్స్ పెట్టెలోకి వచ్చేవి. డిస్కు నూటికి నూరు శాతం నిండిందని చూసి, అక్కడి అబ్బాయి పాత వీడియోలన్నీ తీసేశాడు. మళ్లీ ‘డీఎఫ్’ చూస్తే అదే నూరు శాతం. భయపడి ఇంకా తీసేశాడు. ఫోన్ చేసే వేళకు ముందురోజు వీడియోలు కూడా లేవు. ‘డీయూ’తో ఫోల్డర్లు కూడితే మాత్రం సగం కూడా లేదు. ఈ రెండు లెక్కలు కుదరనప్పుడు అనుమానించాల్సింది ఇదే. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ (ఎల్ పెద్ద అక్షరం) కొట్టించాను. పేరు పోయినా ప్రాణం పోని ఫైళ్లు బారులు తీరి కనిపించాయి, అన్నిటినీ పట్టుకున్నది రికార్డింగు ప్రోగ్రామే. ఆ సర్వీసును రీస్టార్ట్ చేయగానే డిస్కు ఖాళీ అయింది. రెండు రోజుల వీడియోలు మాత్రం తిరిగి రాలేదు. ఆ రెండు రోజుల్లో ధాన్యం బస్తాల లెక్క తేడా వచ్చిందట, ఆ గొడవ వేరే.

ఇక పైన చెప్పిన గోతి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ పెట్టారు, బ్యాకప్ డిస్కు తగలకపోయినా కంప్యూటర్ లేచింది. బాగుంది. కానీ రాత్రి బ్యాకప్ స్క్రిప్టుకు ఆ సంగతి తెలియదు. డిస్కు తగలాల్సిన ఖాళీ ఫోల్డరులోనే, అంటే అసలు డిస్కు మీదే, మొత్తం బ్యాకప్ రాసేస్తుంది. తెల్లారేసరికి డిస్కు నిండి బిల్లింగు ఆగిపోతుంది. తర్వాత యూఎస్‌బీ డిస్కు తగిలిస్తే అది ఆ ఫోల్డరు మీద దుప్పటిలా పరుచుకుంటుంది కాబట్టి, కింద దాగిన ఫైళ్లు డీయూకి కూడా కనిపించవు. డిస్కును అన్‌మౌంట్ చేసి ఆ ఫోల్డరులో చూస్తే బయటపడతాయి. మళ్లీ జరగకుండా స్క్రిప్టు మొదట్లోనే ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ తో పరీక్ష పెట్టి, డిస్కు లేకపోతే అక్కడే ఆగిపోయేలా రాయండి.

మామూలుగా నిండినప్పుడు ఎక్కడ నిండిందో పై నుంచి కిందికి వెతకండి: ‘డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 /’. జర్నల్ లాగ్ పెరిగి ఉంటే ‘జర్నల్‌సీటీఎల్ --వ్యాక్యూమ్-సైజ్=200ఎం’ (ఎం పెద్ద అక్షరం) తో తగ్గించవచ్చు. ఇంకొకటి: ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటును రూట్ కోసం దాచి ఉంచుతుంది. 1 టీబీ డిస్కులో అది దాదాపు 50 జీబీ. కేవలం డేటా పెట్టుకునే డిస్కయితే ‘ట్యూన్2ఎఫ్‌ఎస్ -ఎం 1’ తో దాన్ని 1 శాతానికి దించుకోవచ్చు. సిస్టమ్ ఉన్న డిస్కులో దాన్ని కదిలించకండి. అన్నీ నిండిన రోజున లోపలికి వెళ్లి సర్దడానికి రూట్‌కు మిగిలే చోటు అదే.

డీఎఫ్‌లో సగం ఖాళీ ఉంది. అయినా చోటు లేదంటోంది?

‘డీఎఫ్ -ఐ’ చూడండి. ఫైలు ఎంత చిన్నదైనా దానికి ఒక ఐనోడు (ఫైలు వివరాలు రాసుకునే చీటీ) కావాలి. ఈఎక్స్‌టీ4లో వాటి సంఖ్య ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది. లక్షల కొద్దీ చిట్టి ఫైళ్లు, ఎక్కువగా వెబ్ సెషన్లు లేదా పంపకుండా పోగుపడిన మెయిళ్లు, ఐనోడులను తినేస్తాయి. రేషన్ కొట్లో బియ్యం ఉన్నా కూపన్లు అయిపోయినట్టు. ‘డీయూ --ఐనోడ్స్’ తో ఆ ఫోల్డరును పట్టుకుని, ‘ఫైండ్’ తో పాతవి తీసేయండి. ‘ఆర్‌ఎం’ కు నక్షత్రం గుర్తు పెట్టి కొడితే జాబితా మరీ పొడవుందని మొండికేస్తుంది.

ఉన్నట్టుండి ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదు, సర్టిఫికెట్ తప్పంటోంది. అప్‌డేట్లూ రావడం లేదు.

గడియారం చూశారా? మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోతుంది. ఆ తేదీకి ఇప్పటి సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు, అందుకే చెల్లవంటుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొడితే తేదీ, టైమ్ జోన్, నెట్ నుంచి సమయం తీసుకుంటోందా లేదా అన్నీ తెలుస్తాయి. చేత్తో తేదీ సరిచేసి, బిళ్ల మార్చండి. గడియారాల కొట్టులో దొరుకుతుంది.

విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లో సమయం సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తే బ్యాటరీని తిట్టకండి. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది భారత కాలమని విండోస్, యూటీసీ (మన కాలానికి ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ కాలం) అని లినక్స్ అనుకుంటాయి. ఉదయం 10 గంటలకు లినక్స్ నుంచి విండోస్‌లోకి వెళితే 4:30 చూపించేది అందుకే. ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ తో రెంటికీ రాజీ కుదురుతుంది. లినక్స్ ఇది మంచి పద్ధతి కాదని హెచ్చరిస్తుంది. మన దేశంలో ఎండాకాలానికి గడియారం ముందుకు జరిపే అలవాటు లేదు కాబట్టి పెద్దగా నష్టం ఉండదని నా అభిప్రాయం.

నెట్ ఉన్నట్టే చూపిస్తోంది కానీ ఏదీ రావడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటి నుంచి వీధిలోకి, వీధి నుంచి ఊళ్లోకి నడిచినట్టు వెళ్లండి. ‘ఐపీ ఏ’ కొట్టండి. 169.254 తో మొదలయ్యే చిరునామా ఉంటే రౌటర్ మీకు చిరునామా ఇవ్వలేదని అర్థం, కేబుల్ లేదా రౌటర్ చూడండి. ‘ఐపీ రూట్’ లో డిఫాల్ట్ అని కనిపించే అంకెకు పింగ్ చేయండి (అవతలి కంప్యూటర్‌ను పలకరించడం). అది పలికితే 8.8.8.8 కు పింగ్ చేయండి. అదీ పలికి, పేరుతో చేసిన పింగ్ మాత్రం పలకకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది, అంటే పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే ఏర్పాటుది. ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ లో ఏ సర్వరును అడుగుతోందో ఉంటుంది.

కొన్ని సైట్లు తెరుచుకుని, కొన్ని సగంలో ఆగిపోవడం ఇంకో రకం. ఫైబర్ కనెక్షను పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డుతో కలిసే పద్ధతి) మీద ఉంటే ప్యాకెట్ పరిమాణం 1500 కాదు, 1492 బైట్లు. ప్యాకెట్ మరీ పెద్దదైందన్న కబురును దారిలో ఎవరైనా అడ్డుకుంటే పెద్ద ప్యాకెట్లు దారిలోనే పోతాయి. ఎంటీయూని (ప్యాకెట్ పరిమాణపు హద్దును) 1492కి తగ్గించి చూడండి.

16 జీబీ మెమరీ వేయించాం. ‘ఫ్రీ’ కొడితే ఖాళీ కొంచెమే చూపిస్తోంది. ఎవరు తింటున్నారు?

ఎవరూ తినడం లేదు. పనిలేని మెమరీలో లినక్స్ ఫైళ్లను దాచుకుని, అడగ్గానే ఖాళీ చేసి ఇస్తుంది. ‘అవైలబుల్’ అనే నిలువు వరుస చూడండి, ఫ్రీ అన్నది కాదు. ప్రోగ్రాములు వాటంతటవే మాయమవుతుంటే మాత్రం ‘జర్నల్‌సీటీఎల్ -కే’ లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని వెతకండి. నిజంగా మెమరీ చాలనప్పుడు కెర్నెల్ ఎవరినో ఒకరిని బలి ఇస్తుంది. సాధారణంగా ఎక్కువ మెమరీ వాడే డేటాబేస్ మీదే వేటు పడుతుంది.

సర్వరుకు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) తాళంచెవి పెట్టాను, అయినా పాస్‌వర్డే అడుగుతోంది.

అనుమతులు చూడండి. ‘.ఎస్‌ఎస్‌హెచ్’ ఫోల్డరుకు 700, ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైలుకు 600 ఉండాలి. మీ హోమ్ ఫోల్డరులో ఇతరులు రాయగలిగితే కూడా సర్వరు నమ్మదు. ఎవరో ఎప్పుడో ‘777’ కొట్టిన ఆనవాళ్లు ఇక్కడే బయటపడతాయి. 777 అంటే ఇంటి తలుపులు తీసి, బీరువా తాళం గుమ్మానికి వేలాడదీయడం. అనుమతి సమస్యకు ఆ మందు చెప్పిన వీడియోను అక్కడే ఆపేయండి.

ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చేటప్పుడు ఇప్పుడున్న కనెక్షను తెంచకుండా, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడండి. ఫైర్‌వాల్ ‘యూఎఫ్‌డబ్ల్యూ’ ఆన్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి ఇవ్వండి. ఒకసారి నేను ఆ వరుస తప్పాను. ఆ ఒక్క ఆదేశం కోసం ఒంగోలు నుంచి కావలి దాకా బస్సులో వెళ్లి, కీబోర్డు తగిలించి, అరనిమిషం పని చేసి తిరిగొచ్చాను.

రూట్ పాస్‌వర్డ్ తెలిసిన అతను ఉద్యోగం మానేశాడు. ఏం చేయాలి?

కంప్యూటర్ మీ ఎదురుగా ఉంటే పది నిమిషాల పని. కంప్యూటర్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ తో మొదలయ్యే వరుసలో ‘ఆర్‌ఓ’ ని ‘ఆర్‌డబ్ల్యూ’ చేసి, చివర ‘ఇనిట్=/బిన్/బ్యాష్’ చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కండి. ‘పాస్‌డబ్ల్యూడీ’ తో కొత్తది పెట్టి, ‘సింక్’ కొట్టి, ‘రీబూట్ -ఎఫ్’ అనండి. ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా ఉన్న ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో రీబూట్‌కు ముందు ‘టచ్ /.ఆటోరీలేబుల్’ కొట్టకపోతే కొత్త పాస్‌వర్డు కూడా పనిచేయకపోవచ్చు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి ఉండి, దాని పాస్‌వర్డు కూడా అతనితోనే పోతే ఈ దారి లేదు. అతనికి మర్యాదగా ఫోన్ చేయండి.

చేత్తో నడిపితే స్క్రిప్టు నడుస్తోంది, క్రాన్‌లో (వేళకు పనులు నడిపే ప్రోగ్రాములో) పెడితే నడవదు.

క్రాన్‌కు మీ పాత్ (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు, కాబట్టి ఆదేశాలకు పూర్తి దారి రాయండి. క్రాన్ వరుసలో శాతం గుర్తు ఉంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ (\) పెట్టాలి. రాత్రి రెండింటికి పెట్టి, తొమ్మిదికే కంప్యూటర్ ఆపేసి వెళ్లిపోతే ఆ పని ఎప్పటికీ జరగదు, అలాంటి చోట అనాక్రాన్ వాడండి, కంప్యూటర్ లేచాక తప్పిపోయిన పనిని అది నడుపుతుంది. స్క్రిప్టును విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి ఉంటే వరుస చివర కనిపించని అక్షరం చేరి అసలు నడవనే నడవదు, ‘డాస్2యూనిక్స్’ దాన్ని తుడిచేస్తుంది.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది. ఇప్పుడు ‘ఆప్ట్’ ఏదీ ఎక్కించనివ్వడం లేదు.

‘డీపీకేజీ --కన్ఫిగర్ -ఏ’, ఆ తర్వాత ‘ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్’. కరెంటు పోకుండానే లాక్ అని చూపిస్తే వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తోందన్నమాట. టీ తాగి రండి. లాక్ ఫైలును తీసేయమని చెప్పే సలహాలు వినకండి.

తెలుగు అక్షరాల చోట డబ్బాలు వస్తున్నాయి.

డబ్బాలు వస్తే ఫాంటు లేదు. డెబియన్, ఉబుంటుల్లో ‘ఫాంట్స్-టెలు’ ఎక్కిస్తే సరిపోతుంది. డబ్బాలు కాక ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది ఫాంటు లోపం కాదు. ఆ ఫైలును అను ఫాంట్లలో కొట్టారు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే ప్రెస్సుల నుంచి వచ్చే ఫైళ్లు చాలావరకు ఇవే. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వాడి, ఆ తర్వాత వత్తులు, సున్నాలు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి. టెర్మినల్లో వత్తులు విడిపోయి కనిపిస్తే కంగారు పడకండి, ఎక్కువ టెర్మినళ్లకు తెలుగు కూర్చడం రాదు, ఫైలు బాగానే ఉంటుంది.

ఎండాకాలంలో కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది. వైరస్సా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ప్రాసెసరెంత? వేడెక్కితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ‘సెన్సర్స్’ కొట్టి చూడండి, 90 డిగ్రీల పైన తిరుగుతుంటే మూత తీసి దుమ్ము దులపండి. చీమకుర్తి యార్డులో ఫ్యాన్ రెక్కల మీద గ్రానైట్ పొడి సిమెంటులా పట్టి ఉంటుంది, అక్కడ నెలకోసారి శుభ్రం చేస్తాను. మైపాడు, కొత్తపట్నం వైపు ఇంకో బాధ, ఉప్పుగాలి. మెమరీ చిప్పుల పళ్లకు, సాటా కేబుల్ కొనలకు పచ్చటి చిలుము పడుతుంది. రోజుకో రకం తప్పు చూపిస్తుంటే, లినక్స్ తిరిగి ఎక్కించే ముందు మెమరీని ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో పళ్లు మెల్లగా తుడిచి, తిరిగి పెట్టి, ‘మెమ్‌టెస్ట్86+’ ఒక రాత్రంతా నడపండి.

తుపాను వస్తోందంటే నెట్ కేబుల్ కూడా పీకేయండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు ఒక చోట కరెంటు ప్లగ్గు పీకి, నెట్ తీగ మాత్రం అలాగే వదిలేశారు. పిడుగు ఆ తీగలోంచే వచ్చి రౌటర్‌ను, దానికి తగిలించిన రెండు కంప్యూటర్ల నెట్ పోర్టులను కాల్చేసింది.

ప్రింటర్‌కు పంపిన కాగితాలు రావడం లేదు. ఆపేసి పెట్టినా అంతే.

‘ఎల్‌పీస్టాట్ -టీ’ చూడండి. కాగితం ఇరుక్కున్నప్పుడో, తీగ ఊడినప్పుడో కప్స్ (లినక్స్‌లో ప్రింటింగు చూసే ప్రోగ్రాము) ఆ ప్రింటర్‌ను నిలిపేస్తుంది. మీరు కాగితం తీసేసినా అది తనంతట తాను తిరిగి మొదలుపెట్టదు. ‘కప్స్ఎనేబుల్’ తర్వాత ప్రింటర్ పేరు కొడితే లేస్తుంది. ఈలోపు ఒకే బిల్లును పదిసార్లు పంపి ఉంటారు కాబట్టి, ముందు ‘క్యాన్సిల్ -ఏ’ కొట్టండి. లేకపోతే పదీ బయటికి వస్తాయి.